మెయిన్ రోడ్డు మీద జనం భయం లేకుండా దాటే చోటు కావాలంటే ఎలా అడగాలి, ఎవరిని అడగాలి

మీ ఏరియాలో మెయిన్ రోడ్డు దాటాలంటే జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతున్నారా, యాక్సిడెంట్ అయిన ప్రతిసారీ ఒకపూట రాస్తారోకో చేస్తే పోలీసులు నాలుగు బారికేడ్లు తెచ్చి పెట్టి, వారం తిరక్కుండానే అవి పక్కకి పోయి మళ్ళీ అదే పరిస్థితి అవుతోందా, అయితే ఇదంతా మీకోసమే రాస్తున్నా. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు, ఇది కేంద్ర రవాణా శాఖ లెక్కే. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. వీళ్ళలో ఎక్కువమందిని మనం "చూసుకోకుండా దాటాడు" అని ఒక్క మాటతో మర్చిపోతాం, అక్కడ చూసుకుని దాటే వీలుందా లేదా అని మాత్రం అడగం.

ముందు ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. మనం అడిగేది జనాన్ని రోడ్డు మీంచి తప్పించమని కాదు, ఆ చోట బండ్లు నెమ్మదయ్యేలా రోడ్డునే మార్చమని. ఈ తేడా మీకు స్పష్టంగా లేకపోతే ఆఫీసుకెళ్ళిన మొదటి రోజే "సరే ఒక బోర్డు పెట్టిస్తాం" అని పంపించేస్తారు, మీరు కూడా సంతోషంగా వచ్చేస్తారు.

మొదటి పని, ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోవడం. చాలామంది నేరుగా మున్సిపాలిటీకి వెళ్తారు, వాళ్ళు ఆరు నెలలు అర్జీ దగ్గర పెట్టుకుని చివరికి "ఇది మా రోడ్డు కాదండీ" అంటారు. మన ఊళ్ళలో మధ్యలోంచి పోయే పెద్ద రోడ్డు చాలాసార్లు మున్సిపాలిటీది కాదు, ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖది అయ్యుంటుంది, లేదా నేషనల్ హైవే. విశాఖలో గాజువాక, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా వెళ్ళేది ఎన్‌హెచ్ 16, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచీ హయత్‌నగర్ దాకా మనం రోజూ తిరిగేది ఎన్‌హెచ్ 65, చూడ్డానికి మాత్రం రెండూ సిటీ రోడ్లే. హైవే అయినా ఒక్కో ముక్క ఎన్‌హెచ్ఏఐ (కేంద్రం కింద ఉండే నేషనల్ హైవేల సంస్థ) చేతిలో ఉంటుంది, ఒక్కో ముక్క రాష్ట్ర ఆర్ అండ్ బీ లోని ఎన్‌హెచ్ డివిజన్ చేతిలో ఉంటుంది. పల్లెల్లో అయితే పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్ళదీ కావచ్చు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చూడండి, పైన పసుపు రంగుంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ ఉంటే స్టేట్ హైవే. ఇంకా అనుమానం ఉంటే ఆర్ అండ్ బీ సబ్ డివిజన్ ఆఫీసుకి వెళ్ళి అక్కడి ఇంజనీర్లని, అంటే ఏఈ గారినో డీఈ గారినో అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. రోడ్డు ఒకరిది, లైట్లు మున్సిపాలిటీవి, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, బస్ స్టాప్ మార్చాలంటే ఆర్టీసీ డిపో మేనేజర్, ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఎవరి ముక్క ఏంటో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత చాలా తిరుగుడు తప్పుతుంది.

రెండోది, ఆ చోట నిలబడి చూడటం. ఇది అందరూ వదిలేసే పని, కానీ నా ఉద్దేశంలో మొత్తం ప్రయత్నంలో దీనికే ఎక్కువ విలువ. స్కూలు వదిలే టైముకి వెళ్ళి ఒక గంట ఊరికే చూడండి. ఒక పాప డివైడర్ దగ్గర బ్యాగు ముందుకి తగిలించుకుని చెయ్యి చాపి నిలబడి ఉంటుంది, ఆర్టీసీ బస్సు డ్రైవరు జాలిపడి ఆపుతాడు, పాప బస్సు ముందు నుంచి అడుగేస్తుంది, సరిగ్గా అప్పుడే బస్సు పక్కనుంచి ఒక బైకు ఆగకుండా వచ్చేస్తుంది, ఎందుకంటే బస్సు ఎందుకు ఆగిందో బైకు అతనికి కనపడదు, బైకు వస్తోందని పాపకీ కనపడదు. మంచి మనసుతో ఆపిన బండే పిల్లకి ప్రమాదం తెస్తోందంటే అది మనుషుల తప్పు అనుకోలేం, ఆ రోడ్డు అలా ఉంది. ఇలాంటివి ఫోన్లో వీడియో తీసుకోండి, పిల్లల మొహాలు కనపడకుండా దూరం నుంచి తీయండి. డివైడర్ మీద గ్రిల్ ఎక్కడ విరగ్గొట్టి ఉందో ఫోటో తీయండి, జనం నిజంగా ఎక్కడ దాటుతున్నారో ఆ విరిగిన గ్రిల్లే చెప్తుంది. అధికారులు దాన్ని జనం క్రమశిక్షణ లేనితనానికి సాక్ష్యంగా చూపిస్తారు, మీరు మాత్రం క్రాసింగ్ అక్కడే కావాలి అనడానికి సాక్ష్యంగా చూపించండి.

ఇక లెక్కలు. ఇంజనీర్లతో మాట్లాడేటప్పుడు "చాలా డేంజర్‌గా ఉంది సార్" కంటే ఒక అంకె బాగా పనిచేస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళది ఐఆర్‌సీ 103 అని నడిచేవాళ్ళ సదుపాయాల గైడ్‌లైన్స్ ఉంది, దాంట్లో ఒక సూత్రం వాడతారు, పీవీ స్క్వేర్ అంటారు. పీ అంటే రద్దీ గంటలో రోడ్డు దాటే మనుషులు, వీ అంటే అదే గంటలో వెళ్ళే బండ్లు. బండ్ల సంఖ్యని దానితోనే గుణించి, వచ్చినదాన్ని మనుషుల సంఖ్యతో గుణించండి. డివైడర్ లేని రోడ్డయితే 10 కోట్లు, ఉన్న రోడ్డయితే 20 కోట్లు దాటితే అక్కడ బండ్లని ఆపి మనుషుల్ని దాటించే ఏర్పాటు గురించి ఆలోచించాలి. మాటవరసకి గంటకి 1,200 బండ్లు, 150 మంది మనుషులు అనుకోండి, 21 కోట్ల 60 లక్షలు వస్తుంది, అంటే డివైడర్ ఉన్న రోడ్డుకి కూడా సరిపోయింది. మన టౌన్లలో బస్టాండు సెంటర్లు, స్కూళ్ళ ముందు ఇది దాటడం పెద్ద విషయమే కాదు. లెక్కపెట్టడానికి నలుగురు చాలు, ఇద్దరు బండ్లకి, ఇద్దరు మనుషులకి, పదిహేను నిమిషాలకో వరస చొప్పున కాగితం మీద గీతలు పెట్టుకోండి. పిల్లలు, ముసలివాళ్ళు, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు ఎంతమందో వేరే గడిలో రాయండి, ఇది చాలా ముఖ్యం. లెక్క తక్కువ వచ్చినా ఆగిపోవద్దు, భయపడి దాటడం మానేసి ఆటో ఎక్కి అవతలికి వెళ్ళేవాళ్ళు ఈ లెక్కలోకి రారు కదా, ఆ మాట అర్జీలోనే రాయండి. యాక్సిడెంట్లు ఎక్కువున్నా, బండ్ల స్పీడు మరీ ఎక్కువున్నా, జనం మరీ ఎక్కువసేపు నిలబడాల్సి వస్తున్నా అవి కూడా కారణాలే అని ఆ గైడ్‌లైన్స్ ఒప్పుకుంటాయి.

స్పీడు కొలవడానికి రాడార్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకోండి, బండి మొదటి గుర్తు దాటగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి రెండో గుర్తు దగ్గర ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకన్లు పడితే 30, 3.6 పడితే 50, 3 సెకన్లే పడితే 60. ఒక వంద బండ్లు కొలిస్తే చాలు, మనిషి చేతి కొలత కాబట్టి ఒకటీ అరా అటూఇటూ అవుతుంది, పర్లేదు.

ఇప్పుడు దీన్ని మనిషి నడకతో పోల్చండి. నాలుగు లేన్ల రోడ్డు వెడల్పు సుమారు 14 మీటర్లు, మామూలుగా నడిచేవాళ్ళ వేగం సెకనుకి 1.2 మీటర్లు అనుకుంటే దాటడానికి దాదాపు 12 సెకన్లు కావాలి. 50 స్పీడులో వచ్చే బండి ఆ 12 సెకన్లలో దగ్గర దగ్గర 170 మీటర్లు వచ్చేస్తుంది. అంటే రెండు వైపులా 170 మీటర్ల దాకా ఒక్క బండీ లేని క్షణం దొరికితేనే మామూలు మనిషి పరుగు పెట్టకుండా దాటగలడు, సాయంత్రం ఆరింటికి మెయిన్ రోడ్డు మీద అలాంటి క్షణం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. అదే మధ్యలో నిలబడడానికి వెడల్పైన డివైడర్ ఉంటే ఒక్కసారికి 7 మీటర్లు, 6 సెకన్లు, 85 మీటర్ల ఖాళీ చాలు, అదీ ఒక్క వైపే చూసుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క లెక్క కాగితం మీద గీసి చూపిస్తే ఇంజనీర్లకే కాదు వార్డు కౌన్సిలర్‌కి కూడా వెంటనే అర్థమవుతుంది. స్పీడు సంగతీ అంతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏంటంటే 50 స్పీడులో కారు ముందుభాగం తగిలినప్పటి కంటే 65లో తగిలితే నడిచే మనిషి చనిపోయే అవకాశం 4.5 రెట్లు.

యాక్సిడెంట్ల రికార్డు కూడా కావాలి. దీనికి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి, 2005 చట్టం సెక్షన్ 6 కింద. ఫీజు 10 రూపాయలు, మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ స్థాయిలో అసలు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇక్కడ చాలామంది దరఖాస్తు పాడైపోయేది ఒక్క కారణం వల్లే, "ఇంతవరకు ఎందుకు చెయ్యలేదు" అని అడుగుతారు. ఎందుకు అనేదానికి వాళ్ళు జవాబు చెప్పక్కర్లేదు, రికార్డులో ఉన్న కాగితమే ఇవ్వాలి. అందుకని కాగితాలే అడగండి. పోలీసుల్ని, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా గత మూడేళ్ళలో నమోదైన రోడ్డు ప్రమాదాల జాబితా, తేదీ, టైము, చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, అందులో నడిచేవాళ్ళు ఎందరు అని. ఆర్ అండ్ బీ ని, ఆ రోడ్డుకి చేసిన రోడ్ సేఫ్టీ ఆడిట్ రిపోర్టు కాపీ, ఇంతకుముందు వచ్చిన అర్జీలు, వాటి మీద రాసిన నోట్ కాపీ, ఈ ఏడాది ఆ రోడ్డు మెయింటెనెన్స్‌కి శాంక్షన్ అయిన ఎస్టిమేట్ కాపీ అని. ఆ ఎస్టిమేట్‌లో జీబ్రా లైన్లకి డబ్బు చూపించి ఉండి రోడ్డు మీద ఒక్క గీత కూడా లేకపోతే ఇక మీరు పెద్దగా వాదించాల్సిన పనే ఉండదు. జవాబు రాకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి ఫస్ట్ అప్పీల్ వెయ్యండి. మూడేళ్ళలో 500 మీటర్ల ముక్కలో చావులు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా హైవే మీద దాన్ని బ్లాక్ స్పాట్ కింద లెక్కేస్తారు, మీ జాబితా ఆ గీత దాటితే అర్జీలో మొదటి వాక్యం అదే అవ్వాలి.

ఇప్పుడు అసలు ఏం అడగాలి. ఒట్టి జీబ్రా లైన్లు అడగొద్దు, నేను చాలా గట్టిగా చెప్తున్నా. క్రాసింగ్ మీద నడిచేవాళ్ళకి బండి ఆపి దారివ్వాలని 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో రాసి ఉంది, కానీ మన రోడ్ల మీద గీతలు చూసి ఆగే బండి ఎన్నో మీకూ తెలుసు. గీతలున్నాయి కదా అని పిల్లలు ధైర్యంగా అడుగేస్తే అది ఇంకా ప్రమాదం. కాబట్టి అడిగేది మొత్తం ఒక సెట్‌లా అడగండి. క్రాసింగ్‌ని రోడ్డు కంటే ఎత్తుగా ఫుట్‌పాత్ లెవెల్లో కట్టడం, పైన వెడల్పుగా చదునుగా ఉండాలి, బండి నెమ్మదించక తప్పదు, వీల్‌చైర్ కూడా సాఫీగా వెళ్తుంది. మధ్యలో డివైడర్ దగ్గర కనీసం ఒక సైకిలు పట్టుకుని నిలబడేంత జాగా. క్రాసింగ్ మీదే పడేలా లైటు. రెండు వైపులా ముందుగా రంబుల్ స్ట్రిప్స్ (బండి అదిరేలా రోడ్డు మీద అడ్డంగా వేసే సన్నటి గట్లు), హెచ్చరిక బోర్డు, రాత్రి మెరిసే క్యాట్ ఐస్ (రోడ్డుకి బిగించే చిన్న రిఫ్లెక్టర్లు). క్రాసింగ్‌కి ముందు పార్కింగ్ లేకుండా చెయ్యడం, ఎందుకంటే ఆగి ఉన్న ట్రాలీ ఆటో వెనక నుంచి వచ్చే పిల్లాడు డ్రైవర్‌కి ఆఖరి క్షణం దాకా కనపడడు. బస్ స్టాప్ క్రాసింగ్ దాటాక ఉండాలి, అప్పుడు దిగినవాళ్ళు బస్సు వెనక నుంచి దాటతారు. గీతలకి మామూలు పెయింటు కాకుండా థర్మోప్లాస్టిక్ అడగండి, అది వేడి చేసి వేస్తారు, గాజు పూసలు కలుపుతారు, రాత్రి హెడ్‌లైట్ పడితే మెరుస్తుంది, ఎక్కువకాలం ఉంటుంది. బండ్లు మరీ ఎక్కువున్న చోట పెలికాన్ సిగ్నల్, అంటే దాటేవాళ్ళు బటన్ నొక్కితే బండ్లకి రెడ్ పడేది. హైదరాబాద్‌లో చాలా చోట్ల పెట్టారు, ట్రాఫిక్ పోలీసు గానీ హోంగార్డు గానీ మొదట్లో దగ్గరుండి అలవాటు చేస్తేనే అది పనిచేస్తుంది, ఆ మాట కూడా కలిపి అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, నేషనల్ హైవే మీద స్పీడ్ బ్రేకర్లు తీసేయమని 2016లోనే కేంద్రం ఆదేశాలిచ్చింది, అక్కడ స్పీడ్ బ్రేకర్ అడిగితే ఆ కాగితం చూపించి పంపేస్తారు, అక్కడ సిగ్నల్, రంబుల్ స్ట్రిప్స్, డివైడర్ దగ్గర ఆగే జాగా, ఇవే అడగాలి.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఇస్తామంటే వెంటనే ఒప్పుకోవద్దు. రోడ్డు మీద 5.5 మీటర్ల ఎత్తు ఖాళీ వదిలి, దాని మీద పలక వేసి కట్టాలంటే మెట్టు 15 సెంటీమీటర్లు చొప్పున 40 మెట్లు ఎక్కి 40 దిగాలి, కూరగాయల సంచీతో మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ ఎక్కుతుందా అది. లిఫ్టు పెడతామంటారు, దాని మెయింటెనెన్స్ ఎవరిదో రాసివ్వమనండి. ఐఆర్‌సీ గైడ్‌లైన్స్ కూడా ముందు నేల మీద దాటే ఏర్పాటుకే ఓటేస్తాయి. ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్ లాంటిది వేరు, అది మెట్రో స్టేషన్‌ని, బస్ స్టాపుల్ని కలుపుతూ పెద్ద జంక్షన్ మీద 660 మీటర్లు కట్టింది, మన స్కూలు ముందు నాలుగు లేన్ల రోడ్డుకి అది జవాబు కాదు.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి, ఫలానా రోడ్డులో ఫలానా స్కూలు గేటు ఎదురుగా రోజూ పిల్లలు, వృద్ధులు రోడ్డు దాటుతున్నారు. ఫలానా తేదీన సాయంత్రం 4 నుంచి 5 గంటల మధ్య మేము లెక్కించగా ఇంతమంది దాటారు, ఇన్ని బండ్లు వెళ్ళాయి. పీవీ స్క్వేర్ విలువ ఇంత వచ్చింది. గత మూడేళ్ళలో ఇక్కడ ఇన్ని ప్రమాదాలు జరిగినట్టు పోలీసు రికార్డు జతచేశాం. ఐఆర్‌సీ 103 ప్రకారం ఇక్కడ ఎత్తు క్రాసింగ్, డివైడర్ వద్ద ఆగే చోటు, లైటు ఏర్పాటు చేయవలసిందిగా, అది పూర్తయ్యేలోపు పోలీసు శాఖతో కలిసి తాత్కాలిక బారికేడ్లు పెట్టించవలసిందిగా కోరుతున్నాం. స్థల పరిశీలనకు తేదీ తెలియజేస్తే మేము హాజరవుతాం."

ఆఖరి వాక్యం తప్పకుండా పెట్టండి. ఏఈ గారు వచ్చి ఒక్కసారి ఆ చోట నిలబడితే సగం పని అయినట్టే, అదీ స్కూలు వదిలే టైముకి రమ్మనండి, పొద్దున పదకొండింటికి వస్తే రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది.

ఈ కాగితాన్ని సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, అర్జీలు తీసుకునే ఆ కార్యక్రమాన్ని తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఏపీలో పీజీఆర్‌ఎస్. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. కాపీలు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి, మున్సిపల్ కమిషనర్‌కి, ట్రాఫిక్ సీఐ గారికి. జిల్లాకో రోడ్ సేఫ్టీ కమిటీ ఉంటుంది, కలెక్టర్ గారే చైర్మన్, పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ అధికారులంతా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, రోడ్డు మాది కాదు లైటు మాది కాదు అనే మాట అక్కడ నడవదు. అందుకే "ఈ విషయాన్ని తర్వాతి జిల్లా రోడ్ సేఫ్టీ కమిటీ అజెండాలో చేర్చండి" అని విడిగా ఒక లైన్ రాయండి, తర్వాత మీటింగ్ మినిట్స్ ఆర్టీఐలో అడగొచ్చు. ఎన్‌హెచ్ఏఐ రోడ్డయితే ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి రాయండి, రోడ్డు మీద అప్పటికప్పుడు ఏదైనా ప్రమాదకరంగా ఉంటే హైవే హెల్ప్‌లైన్ 1033కి కాల్ చెయ్యొచ్చు. చట్టం గురించి రెండు ముక్కలు కూడా చేతిలో ఉంచుకోండి. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా అంగవైకల్యం వచ్చినా సంబంధిత సంస్థకి, కాంట్రాక్టర్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఏ సెక్షన్ చేర్చారు. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది, అదే ఏడాది అక్టోబర్‌లో 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లు, క్రాసింగ్‌లు ఆడిట్ చెయ్యమంది. బెదిరించడానికి కాదు, ఫైలు మీద నోట్ రాసే అధికారికి ఒక ఆధారం దొరుకుతుంది.

మనుషుల సంగతి. సంతకాలు వెయ్యి కంటే ఎవరు సంతకం పెట్టారనేది ముఖ్యం. స్కూలు హెడ్మాస్టర్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం, పక్కనున్న ఆసుపత్రి వాళ్ళది ఒకటి, ఆటో స్టాండ్ వాళ్ళది ఒకటి. ఆటో అన్నలతో, క్రాసింగ్ ముందు షాపులవాళ్ళతో, తోపుడుబండ్లవాళ్ళతో ముందే మాట్లాడండి, పార్కింగ్ తీసేస్తారు, బండి జరపమంటారు అని వాళ్ళ భయం, అది న్యాయమైన భయమే. నాలుగు గజాలు పక్కకి జరిగితే సరిపోయే చోట వాళ్ళకి జాగా చూపించే బాధ్యత కూడా అర్జీలోనే రాయండి, లేదంటే కట్టే రోజున వాళ్ళే అడ్డుపడతారు. దగ్గర్లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంటే సివిల్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి, ట్రాఫిక్ సర్వే స్టూడెంట్లకి ప్రాజెక్టు అవుతుంది, మీకు కాలేజీ స్టాంపుతో రిపోర్టు వస్తుంది. లోకల్ రిపోర్టర్లకి వీడియో ఇచ్చేటప్పుడు ఒక్క అధికారినీ పేరు పెట్టి తిట్టొద్దు, రేపు మళ్ళీ ఆయన టేబుల్ దగ్గరికే వెళ్ళాలి.

మీరే రాత్రికి రాత్రి పెయింట్ కొని గీతలు వెయ్యాలని కొందరు కుర్రాళ్ళు ఉత్సాహపడతారు, వద్దనండి. కేసుల గొడవ ఒకటైతే, లైటూ స్పీడు తగ్గించే ఏర్పాటూ లేకుండా వేసిన గీతల్ని నమ్మి ఎవరైనా అడుగేస్తే ఆ పాపం మనదే అవుతుంది. దానికి బదులు ట్రాఫిక్ సీఐ గారిని ఒక వారం ట్రయల్ అడగండి, కోన్లు, బారికేడ్లు పెట్టి రోడ్డుని ఆ చోట కొంచెం ఇరుకు చేసి, స్కూలు టైముకి ఒక హోంగార్డుని పెట్టి చూడమనండి. ఖర్చు లేదు కాబట్టి తొందరగా ఒప్పుకుంటారు. ఆ వారంలో మళ్ళీ అదే 50 మీటర్ల గుర్తుల మధ్య స్పీడు కొలవండి, ముందు ఎంత, ఇప్పుడెంత అని రెండు వరసల పట్టిక ఈఈ గారికి ఇవ్వండి.

శాంక్షన్ అయ్యాక కూడా పని జరిగే రోజు అక్కడ ఉండండి. ఎత్తు క్రాసింగ్ అని చెప్పి నిటారుగా ఒక గుట్ట పోసి వెళ్ళిపోతే బైకులు ఎగిరిపడతాయి, అంబులెన్స్‌లో ఉన్నవాళ్ళకి నరకం, వారంలో జనమే తవ్వించేస్తారు. ఎక్కే దిగే వాలు మెల్లగా ఉందా, పక్కన వాన నీళ్ళు పోవడానికి దారి వదిలారా, డివైడర్ దగ్గర జాగాలో ఎలక్ట్రిక్ పోలో పూలకుండీయో అడ్డంగా పెట్టలేదు కదా చూసుకోండి. గీతలు వానాకాలం ముందు తడి రోడ్డు మీద హడావిడిగా వేస్తే ఊడిపోతాయి, పొడి రోడ్డు మీదే వెయ్యమని అడగండి. నెల తర్వాత మళ్ళీ అదే గంటలో నలుగురూ నిలబడి మనుషుల్ని, బండ్లని, స్పీడుని లెక్కపెట్టి ఆ కాగితాన్ని పాత రసీదు నంబరు వేసి ఏఈ గారికి ఇవ్వండి, లైటు వెలగకపోయినా గీతలు అరిగినా తర్వాతి అర్జీకి దాన్నే జతచెయ్యొచ్చు.